భాషకును సమాజమునకును నడుమ: కళాశాలలలో స్పానిష్ విద్య – ఒక సమీక్ష

అమెరికా సంయుక్త రాష్ట్రములలోను బ్రిటన్‌లోను సమాజశాస్త్రమును, స్పానిష్ భాషాసంస్కృతులను జోడించి ఒకే పట్టమునకై చదువు పద్ధతి చాలకాలమునుండి వాడుకలో నున్నది. అయినను ఆ జోడింపు పట్టాకాగితముమీద కుదిరినంత సులభముగా విద్యార్థి బుద్ధిలో కుదురుట లేదు. ఉదయము సమాజశాస్త్రపు తరగతిలో మెక్సికో నగరపు పేదవాడల జీవితమును ఇంగ్లీషు పుస్తకమున చదివినవాడు, మధ్యాహ్నము స్పానిష్ తరగతిలో 17వ శతాబ్దినాటి నాటకమును చదువును. ఈ రెంటికిని గల సంబంధమేమో విడమరచి చెప్పవలసిన భారము ఏ ఆచార్యునిదియు కాక, కడకు ఆ విద్యార్థి తలమీదనే పడుచున్నది. భాష నేర్పువారు సమాజమును గూర్చి ఎంతవరకు చెప్పవలెను, సమాజమును పరిశోధించువారికి భాష ఎంతవరకు రావలెను, ఆ భాష ఎవరి నోటిది కావలెను అను మూడు ప్రశ్నలు నూరేండ్లకు పైగా ఒకదానితో నొకటి పెనవైచుకొని యున్నవి. వాని పుట్టుపూర్వోత్తరములను, వానిపై ఏర్పడిన పక్షములను, నేటికిని తేలని సంగతులను ఒకచోట పరిశీలించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

సాహిత్యపీఠముల వారసత్వము

ఏబియల్ స్మిత్ అను బోస్టను వర్తకుడు వ్రాసియిచ్చిన ధనముతో హార్వర్డులో ఫ్రెంచి, స్పానిష్ భాషలకై ఏర్పడిన పీఠమును 1819లో అధిష్ఠించిన జార్జి టిక్నరు, ఆ దేశమున స్పానిష్ విద్యకు ఆద్యుడని చెప్పదగినవాడు. ఆయన 1849లో మూడు సంపుటములుగా ప్రకటించిన స్పానిష్ సాహిత్య చరిత్ర స్పెయినుదేశపు పండితులకు సైతము ఆదరపాత్రమయ్యెను. అయితే ఆయన ఏర్పరచిన పనిపంపకము ఆ గ్రంథముకంటెను దీర్ఘాయువు గలదిగా తేలినది: వ్యాకరణము, ఉచ్చారణము నేర్పుట క్రింది ఉపాధ్యాయుల పని, సాహిత్యమును గూర్చి ఉపన్యసించుట ఆచార్యుని పని. ఈ రెండంతస్తుల కట్టడము రెండు శతాబ్దములు గడచినను పూర్తిగా కూలలేదు. 2007లో అమెరికాలోని ఆధునిక భాషా సంఘము (ఎమ్.ఎల్.ఏ.) వెలువరించిన నివేదిక తప్పుపట్టినది సరిగా దీనినే. తొలి రెండేండ్లు భాష, తరువాతి రెండేండ్లు సాహిత్యము అను విభజనము ఇక పనికిరాదనియు, రెండు భాషల నడుమ, రెండు సంస్కృతుల నడుమ మెలగగల సామర్థ్యమును విద్యార్థికి కలిగింపవలెననియు ఆ నివేదిక కోరినది.

సాహిత్యపక్షమువారు సమాజమును మరచిరనుట మాత్రము న్యాయము కాదు. స్పెయిను అంతర్యుద్ధము మూలమున దేశము విడిచి ప్రిన్‌స్టనులో ఆచార్యుడైన అమెరికో కాస్త్రో 1948లో వ్రాసిన గ్రంథమున, క్రైస్తవులు, ముస్లిములు, యూదులు శతాబ్దములపాటు కలిసిమెలిసి యుండుటచేతనే స్పెయిను జాతి స్వభావము రూపొందెనని వాదించెను. దానిని ఖండించుటకై, తానును ప్రవాసియైన చరిత్రకారుడు క్లాడియో శాంచెజ్-అల్బర్నోజ్ మరియొక మహాగ్రంథమునే రచించెను. స్పానిష్ సంస్కృతి యనగా నేమి అను ప్రశ్నను ఇంత గంభీరముగా తరచిన వాదము అరుదు. అది కావ్యములను, ధర్మశాసనములను, వంశచరిత్రలను చదివి చేసిన వాదము. బ్రతికియున్న రైతును గాని, కూలిని గాని అడిగి చేసినది కాదు. సాహిత్యపీఠముల బలమును, కొరతయు ఈ ఒక్క ఉదాహరణములోనే కానవచ్చును.

యుద్ధముల నీడలో

భాషాధ్యయనమును సమాజాధ్యయనముతో ముడివేసినది మొదట విశ్వవిద్యాలయములు కావు, ప్రభుత్వములు. మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా పాఠశాలలనుండి జర్మను భాష తరిమివేయబడగా, ఆ ఖాళీని స్పానిష్ ఆక్రమించినది. స్పానిష్ ఉపాధ్యాయుల సంఘము 1917లోనే వెలసినది. రెండవ యుద్ధమున సైన్యము 1943లో ప్రారంభించిన శిక్షణ పథకమున భాషతోబాటు ఆ భాష మాటాడు ప్రాంతపు భూగోళము, చరిత్ర, సమాజవ్యవస్థ కలిపి బోధించిరి. 1957లో సోవియట్ వారి స్పుత్నిక్ ఆకాశమున కెగిరిన మరుసటి యేట చేయబడిన జాతీయ రక్షణ విద్యాచట్టము ప్రాంతీయాధ్యయన కేంద్రములకు ధనము సమకూర్చెను. బ్రిటన్‌లో 1965నాటి ప్యారీ నివేదిక ఫలితముగా ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, లండను, లివర్‌పూలు, గ్లాస్గోలలో లాటిన్ అమెరికా అధ్యయన కేంద్రములు ఏర్పడినవి. విద్యార్థి ఒకే కప్పుక్రింద భాషను, సమాజశాస్త్రమును కలిపి చదువుటకు వీలు కలిగినది అప్పటినుండియే.

ఆ వీలుకు చెల్లించిన మూల్యము కూడ గలదు. అమెరికా సైన్యపు ధనముతో, తిరుగుబాట్లు ఎట్లు పుట్టునో ఎట్లు అణగునో ముందుగా కనిపెట్టుటకై తలపెట్టిన 'కేమ్‌లాట్' అను సామాజిక పరిశోధనా పథకము 1965లో చిలీదేశమున బయటపడగా, అచ్చటి పండితులు, పార్లమెంటు సభ్యులు పెట్టిన గగ్గోలునకు ఆ సంవత్సరమే దానిని రద్దుచేయవలసి వచ్చెను. స్పానిష్ మాటాడుచు ప్రశ్నావళి చేతబట్టి వచ్చిన ఉత్తరాది విద్వాంసుని చూడగానే 'ఈతని నెవరు పంపిరి?' అను అనుమానము ఆనాటినుండి స్థిరపడినది. భాష రావలెను, సమాజము తెలియవలెను అనుటతో సరిపోదు; ఎవరికొరకు, ఎందుకొరకు అను ప్రశ్నయు పాఠ్యక్రమములోనిదే యని ఆ ఉదంతము నేర్పినది.

టేపుయంత్రము ముందట

ఈ రెండు విద్యలును నిజముగా ముఖాముఖి కలిసికొన్న స్థలము వేరొకటి గలదు. అది సామాన్యుడు తన కథ తానే చెప్పుకొనగా మరియొకరు విని, వ్రాసి, పుస్తకముగా కూర్చిన చోటు.

మెక్సికోలోని తెపోస్త్‌లాన్ గ్రామమును గూర్చి రాబర్ట్ రెడ్‌ఫీల్డు 1930లో ప్రకటించిన గ్రంథమున ఆ ఊరు సామరస్యమునకు ఆటపట్టుగా కనబడగా, అదే ఊరికి తిరిగివెళ్ళిన ఆస్కార్ లూయిస్‌కు అచ్చట భూతగాదాలు, అసూయలు, భయము కానవచ్చెను. ఆయన గ్రంథము 1951లో వెలువడినది. ఉత్తరభారతమున ఢిల్లీ సమీపమందలి ఒక గ్రామమును గూర్చియు 1958లో పుస్తకము వ్రాసిన యీ లూయిస్, పిమ్మట మెక్సికో నగరపు ఇరుకు వాసములలో నివసించు ఒక తండ్రిని, ఆయన నలుగురు బిడ్డలను కూర్చుండబెట్టి, వారి మాటలను టేపుయంత్రమున నింపి, 1961లో 'శాంచెజ్ బిడ్డలు' అను గ్రంథమును ఇంగ్లీషున ప్రకటించెను. చెప్పినది స్పానిష్‌న, ప్రపంచము మొదట చదివినది ఇంగ్లీషున. ఆ మాటలు తిరిగి స్పానిష్ అచ్చులో తమ దేశమునకు చేరినది 1964లో. వెంటనే మెక్సికో భూగోళ, గణాంక సంఘము ఆ పుస్తకము అశ్లీలమనియు, దేశమునకు అపకీర్తికరమనియు ఫిర్యాదు చేసెను. ప్రభుత్వ న్యాయాధికారి అందు నేరము లేదని తేల్చినను, పుస్తకమును ప్రచురించిన ఫోందో దె కుల్తూరా ఎకొనోమికా సంస్థ సంచాలకుడు అర్నాల్దో ఓర్ఫీలా 1965లో పదవినుండి తొలగింపబడెను. పేదవాడి నోటి మాట, వాడి భాషలోనే, వాడి దేశములోనే అచ్చుపడినప్పుడు కలిగిన కలవరము అంతటిది.

లూయిస్ ప్రతిపాదించిన 'దారిద్ర్య సంస్కృతి' అను భావన సమాజశాస్త్రజ్ఞులచేత తీవ్రముగా విమర్శింపబడినది. పేదరికమునకు కారణము పేదల నడవడియే యని చెప్పుటకు అది వాడుకొనబడెననుట సత్యము. అయినను శాంచెజ్ కుటుంబీకుల వాక్కులు ఆ సిద్ధాంతమునకు లొంగియుండలేదు. వ్యాఖ్యాత చెప్పినదానికంటె వారు చెప్పుకొన్నదే ఎక్కువ కాలము నిలిచినది. స్పానిష్ మూలమున చదివినవానికే యీ భేదము స్పష్టముగా తెలియును.

రెండవ ఉదాహరణము మరింత క్లిష్టమైనది. గ్వాటెమాలాకు చెందిన మాయాజాతి యువతి రిగొబెర్తా మెంచూ 1982లో పారిస్ నగరమున ఎలిసబెత్ బూర్గోస్ అను మానవశాస్త్రజ్ఞురాలికి తన జీవితమును, తన జనుల దుఃఖమును చెప్పెను. మరుసటి యేట అది పుస్తకమైనది. మెంచూ మాతృభాష కిచే, చెప్పినది స్పానిష్‌న. బూర్గోస్ తన ప్రశ్నలను తొలగించి, కథనమును అధ్యాయములుగా పేర్చి, చెప్పిన ఆమె వాక్యములలోని లింగదోషములను దిద్దితినని పీఠికలో తానే వ్రాసికొన్నది. ఈ చిన్న దిద్దుబాటును స్పానిష్ తరగతివారు వ్యాకరణ విషయముగా దాటిపోదురు. సమాజశాస్త్రపు తరగతివారు ఇంగ్లీషు అనువాదమునే చదువుదురు గనుక వారికి అది కనబడనే కనబడదు. ఆ దోషములు ఉండియుండినచో, వలసపాలనపు భాషను అరువు తెచ్చుకొని మాటాడుచున్న స్త్రీ గొంతు ప్రతిపుటయందును వినబడియుండెడిది.

మెంచూకు 1992లో నోబెల్ శాంతి బహుమానము లభించెను. 1999లో డేవిడ్ స్టోల్ అను మానవశాస్త్రజ్ఞుడు, ఆ గ్రంథమున ఆమె కన్నులార చూచినట్లు చెప్పిన కొన్ని ఘట్టములు ఆమె చూచినవి కావని సాక్షుల వాఙ్మూలములతో వాదించెను. ఆయన సైతము సైన్యము గ్రామస్థులను చంపెనను మూలసత్యమును కాదనలేదు. ఆ సంవత్సరమే వెలువడిన గ్వాటెమాలా సత్యశోధక సంఘపు నివేదిక 2,00,000కు పైగా జనులు చనిపోవుటయో అదృశ్యమగుటయో జరిగెననియు, ఘాతుకములలో నూటికి 93 వంతులు రాజ్యము పక్షమువారు చేసినవే యనియు నిర్ణయించెను. మెంచూ కథనమును సాహిత్యముగా చదువవలెనా, సాక్ష్యముగా తూచవలెనా? జాతి తరపున 'నేను' అని పలుకుట కొన్ని సమాజములలో సహజమని సాహిత్యకారులు చెప్పిరి. సహజమైనను పరీక్షింపక తప్పదని పరిశోధకులు చెప్పిరి. ఇరుపక్షములును సరియైన మాటయే చెప్పినవి. ఒకే విద్యార్థికి ఈ రెండు కొలమానములను చేతికిచ్చి, ఎప్పుడు దేనిని వాడవలెనో నేర్పు తరగతి లేకపోవుటయే అసలైన లోపము.

దక్షిణము పలికిన సిద్ధాంతము

స్పానిష్ మాటాడు దేశములనుండి సమాచారము వచ్చును, సిద్ధాంతము మాత్రము ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మనులలో తయారగును అను భావన ఎంతకాలమో రాజ్యమేలినది. అది ఎంత పొరబాటో చూపుటకు కొన్ని సంగతులు చాలును. 1957లో గీనో జెర్మానీ బ్యూనస్ ఏర్స్‌లో సమాజశాస్త్ర శాఖను స్థాపించెను; ఆ యేటనే యునెస్కో తోడ్పాటుతో శాంటియాగోలో ఫ్లాక్సో అను సామాజిక శాస్త్రముల సంస్థ వెలసెను. 1959లో బొగోతాలో ఓర్లాందో ఫాల్స్ బోర్దా, కమీలో తోర్రెస్ అను క్రైస్తవ పురోహితునితో కలిసి సమాజశాస్త్ర విభాగమును నెలకొల్పెను. తోర్రెస్ తరువాత గెరిల్లా సైన్యమున చేరి 1966లో మరణించెను. ఫాల్స్ బోర్దా రైతులను పరిశోధనకు వస్తువులుగా గాక భాగస్వాములుగా స్వీకరించు పద్ధతిని పెంపొందించెను. మెక్సికోలో పాబ్లో గొంజాలెస్ కసనోవా 'అంతర్గత వలసపాలన' అను భావనను వివరించెను. ఫెర్నాందో ఎన్రీకే కార్దోజో, ఎన్జో ఫలెత్తో కలిసి వ్రాసిన పరాధీనతా సిద్ధాంత గ్రంథము 1969లో స్పానిష్‌న వెలువడినది. ఇంగ్లీషు చదువరులకు అది అందినది 1979లో. ఆ పదేండ్ల ఎడమును దాటగలిగినవారు స్పానిష్ వచ్చినవారే. దానిని ప్రచురించిన సీగ్లో వెయింతియూనో సంస్థ, లూయిస్ పుస్తకము మూలమున పదవి పోగొట్టుకొన్న ఓర్ఫీలా స్థాపించినదే యగుట గమనింపదగిన విషయము.

భారతదేశముతో నిజమైన సంబంధమును ఇచ్చటనే చూడవచ్చును. రణజిత్ గుహా మొదలగువారు ప్రారంభించిన సబాల్టర్న్ అధ్యయనములను చూచి 1990లలో లాటిన్ అమెరికా సాహిత్యాచార్యులు కొందరు తామును అట్టి బృందమొకటి ఏర్పరచుకొనిరి. బొలీవియాలో సిల్వియా రివేరా కుసికాంకి, రొస్సానా బర్రగాన్ ఆ భారతీయ వ్యాసములను ఎన్నిక చేసి 1997లో స్పానిష్‌న ప్రకటించిరి. రైతుల తిరుగుబాటును రాజ్యపు దస్తావేజులనుండి ఎట్లు చదివి తీయవలెనను ప్రశ్న మనదే. దానిని లా పాజ్ నగరపు చదువరులు తమ ఆందీస్ రైతులకు అన్వయించుకొనిరి.

ఎవరి స్పానిష్?

స్పెయినులోనే 1978 రాజ్యాంగము కాస్తీలియనుతో, అనగా స్పానిష్‌తో, బాటు తక్కిన భాషలకును ఆయా ప్రాంతములలో అధికార హోదా కల్పించినది. బార్సిలోనాలో కతలాను పలుకుట, పలుకకపోవుట వర్గమునకును జన్మకును గుర్తుగా ఎట్లు మారెనో కాథ్రిన్ వూలార్డ్ 1989లో చక్కగా వివరించినది. మెక్సికోలో 2003నాటి చట్టము ఆదివాసీ భాషలను జాతీయ భాషలుగా గుర్తించినది. కాబట్టి స్పానిష్ వచ్చిన మాత్రమున ఆ దేశముల సమాజము చేతికి వచ్చినట్లు కాదు.

అమెరికాలో ఈ ప్రశ్న మరింత దగ్గరిది. అచ్చట ఇంట స్పానిష్ మాటాడువారు నాలుగు కోట్లకు పైబడియున్నారు. వారి బిడ్డలు కళాశాలలో స్పానిష్ తరగతికి వచ్చినప్పుడు, వారి అమ్మమ్మల పలుకుబడియే తప్పుగా ఎఱ్ఱసిరాతో కొట్టివేయబడుట చాలకాలము జరిగినది. ఈ అన్యాయమును శాస్త్రీయముగా ఎత్తిచూపినవారు భాషాసమాజశాస్త్రజ్ఞులు. జాషువా ఫిష్‌మన్ బృందము జెర్సీ సిటీలోని పోర్టోరీకో కుటుంబములను పరిశీలించి, ఇల్లు, స్నేహము, దేవాలయము, పాఠశాల, ఉద్యోగము అను ఒక్కొక్క రంగమున ఏ భాష నడచునో కనిపెట్టెను. న్యూయార్కులో ఒక్క వీధి పిల్లలను ఏండ్ల తరబడి గమనించిన ఆనా సెలియా జెంతెల్లా 1997నాటి గ్రంథమున, ఒకే వాక్యమున రెండు భాషలను కలిపి పలుకుట అజ్ఞానము కాదు, నియమము గల నేర్పని నిరూపించెను. టెక్సాసులో అమెరికో పరేదేస్ 1958లోనే, సరిహద్దు ప్రాంతపు వీరగాథాగేయమొకదానిని తీసికొని, అందు మెక్సికో జాతివారి అణచివేత చరిత్ర ఎట్లు దాగియున్నదో చూపెను. సాహిత్యమా సమాజశాస్త్రమా అని ఆ గ్రంథమును ప్రశ్నించుట వ్యర్థము. మరియొక వైపు, 'హిస్పానిక్' అను జాతిపేరే జనగణనాధికారులు, ఉద్యమకారులు, టెలివిజను వర్తకులు కలిసి రూపొందించినదని క్రిస్టినా మోరా 2014లో వివరించినది.

పక్షముల తారతమ్యము

ఇంతవరకు చెప్పినదానినుండి నాలుగు పక్షములు తేలుచున్నవి. సాహిత్యపక్షము చదువునకు లోతు నిచ్చును గాని, జీవించియున్నవారితో మాటాడించదు. వ్యవహారదక్షతయే ముఖ్యమను పక్షము, ముఖ్యముగా భాషాసామర్థ్యమును కొలుచుటకై ఏర్పడిన 1986 ప్రమాణముల తరువాత, విద్యార్థిని మాటాడించును. ఏమి మాటాడవలెనను విషయమున మౌనము వహించును. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు. విమర్శపక్షము, అనగా పరాధీనతా సిద్ధాంతమునుండి వలసోత్తర చింతనవరకు గల వరుస, ప్రశ్నించుట నేర్పును. అయితే చాల కళాశాలలలో అది అనువాదముల మీదనే నడచుచున్నది.

నాలుగవది క్షేత్రపక్షము. బ్రిటన్‌లో ఈలింగులోని థేమ్స్ వ్యాలీ విశ్వవిద్యాలయమున 1990లలో సీలియా రాబర్ట్స్, మైకేల్ బైరమ్ మొదలగువారు నడపిన ప్రయోగము ఇందులకు ఉత్తమోదాహరణము. భాషావిద్యార్థులు విదేశమున గడపవలసిన సంవత్సరమునకు ముందు, క్షేత్ర పరిశోధనా పద్ధతులను నేర్చి, మొదట తమ ఊరిలోనే, తమకు అలవాటైన ఒక వ్యవహారమునే కొత్తకంటితో పరిశీలించి వ్రాయవలెను. పిమ్మట స్పెయినులోనో ఫ్రాన్సులోనో ఒక చిన్న సమూహముతో మెలగి, వారి భాషలోనే విని, వారి భాషలోనే నివేదిక సమర్పించవలెను. మా దృష్టిలో తక్కిన మూడు పక్షముల గుణములును ఇమిడిన పద్ధతి ఇదియే. వినుట సాహిత్యమంత సూక్ష్మముగా జరుగవలెను, తూచుట సమాజశాస్త్రమంత కఠినముగా జరుగవలెను. ఈ రెండును ఒకే పనిలో భాగములైనప్పుడే జోడు పట్టమునకు అర్థము గలదు. అయితే దీనికి కావలసిన ఓర్పు, ధనము, ఒక్కొక్క విద్యార్థిపై పెట్టవలసిన శ్రద్ధ సామాన్యమైనవి కావు.

తేలని సంగతులు

మొదటిది, విద్యార్థుల సంఖ్య. అమెరికా కళాశాలలలో స్పానిష్ తరగతులలోని నమోదులు 2009లో సుమారు 8,65,000 ఉండగా, 2016లో 7,12,000కును, 2021లో 5,84,000కును దిగినవి. నేటికిని తక్కిన ఏ విదేశీభాషకును ఇంతమంది లేరు. అయినను దిగుడు ఆగలేదు. సమాజశాస్త్రముతో కలియుట స్పానిష్ శాఖకు ప్రాణము పోయునని కొందరును, ఉన్న గుర్తింపు కూడ పోవునని కొందరును వాదించుచున్నారు. యంత్రానువాదము సుళువైన నేడు, ప్రశ్నావళిని స్పానిష్‌లోనికి మార్చుటకు భాష నేర్వనేల అను మాటయు వినవచ్చుచున్నది. ప్రశ్నావళికి యంత్రము చాలవచ్చును. చెప్పువాని తడబాటు, మౌనము, అరువుమాట వీనిని నున్నగా దిద్దిపెట్టు అనువాదముమీద నిర్మించిన పరిశోధన ఎంతవరకు నమ్మదగినదో ఇంకను ఎవరును తేల్చలేదు.

రెండవది, తెలుగుదేశమునకు చేరువైనది. గ్రామాధ్యయనముల యుగమున, జూలియన్ పిట్-రివర్స్ అందలూసియాలోని కొండపల్లెను గూర్చి 1954లో వ్రాయగా, శ్యామాచరణ్ దూబే హైదరాబాదు సమీపమందలి శామీర్‌పేటను గూర్చి 1955లో తన ప్రసిద్ధ గ్రంథమును ప్రకటించెను. గౌరవము, పరువు, ఇరుగుపొరుగుల నోటిమాటకు భయము అను విషయములలో ఈ రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చదువుట ఎంతో ఫలప్రదము. అట్లు చదువుటకు తెలుగు వచ్చి స్పానిష్ నేర్చిన విద్యార్థికంటె తగినవాడు లేడు. హైదరాబాదులో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున స్పానిష్ బోధింపబడుచున్నది. దాని పొరుగుననే యున్న ఉస్మానియాలో సమాజశాస్త్ర శాఖ గలదు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున రెండును ఒకే ఆవరణలో నున్నవి. ఒక సంస్థలో భాషకును, మరియొక సంస్థలో శాస్త్రమునకును కూర్చుండు విద్యార్థి చదివిన గంటలను ఏ శాఖ లెక్కలో వేయవలెను, స్పానిష్‌న వ్రాసిన వాని క్షేత్రనివేదికను సమాజశాస్త్ర పరీక్షకుడు దిద్దగలడా, తెలుగు పల్లెలో విన్నదానిని తెలుగుననే ఉదాహరించుటకు అనుమతి గలదా అను నియమములు ఏర్పడువరకు ఆ తులనాత్మకాధ్యయనము ఎవరో ఒక్కరి స్వంత పట్టుదలమీదనే ఆధారపడియుండును.